చిత్రతురగం నుంచి గోడరాత వరకు: సమకాలీన చిత్రకళాస్వాదనలో దేశౌచిత్యం

రసచర్చలో శ్రీశంకుకుడి పేరు వచ్చినప్పుడు చిత్రతురగ న్యాయం తప్పక ప్రస్తావనకు వస్తుంది. రాముడి వేషం కట్టిన నటుణ్ణి చూసే ప్రేక్షకుడికి కలిగే జ్ఞానం ఎటువంటిది అన్న ప్రశ్నకు అతడు చెప్పిన సమాధానం అది. పటం మీది గుర్రాన్ని చూసినవాడు ‘ఇది నిజంగా గుర్రమే’ అనుకోడు. ‘గుర్రమనుకున్నాను, కాదు’ అనీ అనుకోడు. ‘గుర్రమా, కాదా’ అని సందేహించడు, ‘గుర్రం వంటిది మరేదో’ అని సరిపెట్టుకోడు. సమ్యక్, మిథ్యా, సంశయ, సాదృశ్య జ్ఞానాలు నాలుగింటికీ భిన్నమైన ప్రతీతి ఒకటి అతనికి కలుగుతుంది. అభినవగుప్తుడు అభినవభారతిలో ఈ వాదాన్ని పేర్కొని, తన గురువు భట్టతౌతుడు చేసిన ఖండనను కూడా అక్కడే చేర్చాడు. సిందూరాది వర్ణాలు గోవును అభివ్యక్తం చేయవు, గోవు అవయవాల కూర్పును పోలిన మరో కూర్పును మాత్రమే చూపుతాయన్నది తౌతుడి ఆక్షేపణ. వాదికీ ప్రతివాదికీ ఒక విషయంలో మాత్రం భేదం లేదు. చూసేవాడికి రంగు రంగుగా, పటం పటంగా తెలుస్తూనే ఉంటుందని ఇద్దరూ నమ్మారు.

ఇరవయ్యవ శతాబ్దపు ద్వితీయార్ధంలో వచ్చిన చిత్రకళ ఈ నమ్మకాన్నే కదిలించింది. దుకాణంలోని సరుకును, పత్రికలోని బొమ్మను దాదాపు ఉన్నదున్నట్లు తెచ్చి గ్యాలరీలో నిలిపిన పాప్ ఆర్ట్ ఒకవైపు ఉంది. గ్యాలరీ గడప తొక్కకుండా రైలుపెట్టెల మీద, పరాయి గోడల మీద పుట్టిన గ్రాఫిటీ మరొకవైపు ఉంది. వీటి ముందు నిలిచిన తెలుగు విమర్శకు రెండు దారులే కనిపిస్తూ వచ్చాయి. ‘ఇదీ ఒక కళేనా’ అని తోసిపుచ్చడం మొదటిది. పాశ్చాత్య సిద్ధాంత పరిభాషను మొత్తంగా అరువు తెచ్చుకుని, రసౌచిత్య చర్చకు ఇక్కడ పనిలేదని పక్కన పెట్టడం రెండోది. చిత్రకళను గురించి నిలకడగా రాసిన సంజీవదేవ్ (1914–1999) వంటివారు వేసిన బాట ఉన్నా, విశ్వవిద్యాలయాల సాహిత్య విమర్శ ఆ వైపు నడిచింది తక్కువ. పై రెండు దారుల్లోనూ ఉన్న లోపం ఒక్కటే. రెండూ బొమ్మను చూస్తాయి, బొమ్మ ఎక్కడ ఉందో చూడవు. పాప్ ఆర్ట్‌లోనూ గ్రాఫిటీలోనూ ఆస్వాదనకు విషయమయ్యేది బొమ్మకూ అది ఉన్న చోటుకూ గల సంబంధం. ఆ సంబంధాన్ని పరిశీలించడానికి క్షేమేంద్రుడి ఔచిత్య విచారం, ఒక సవరణతో, పనికివస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. సవరణ లేకుండా పనికిరాదన్నది కూడా ప్రతిపాదనలో భాగమే. పాత పరిభాషలో అన్నీ ముందే ఉన్నాయనే వాదం ఇక్కడ లేదు.

పెట్టె, డబ్బా, ముఖం

పాప్ ఆర్ట్ పుట్టింది అమెరికాలో అనుకోవడం పరిపాటి. దాని తొలి అడుగులు లండన్‌లో పడ్డాయి. 1956లో వైట్‌చాపెల్ గ్యాలరీ ప్రదర్శన సందర్భంగా రిచర్డ్ హామిల్టన్ పత్రికల బొమ్మలు కత్తిరించి అతికి చేసిన చిన్న చిత్రంలో ఒక ఇంటి గది, అందులో కండలు తిరిగిన వస్తాదు, టేప్‌రికార్డర్, డబ్బా మాంసం అన్నీ ఒకచోట చేరాయి. చమత్కారమే దాని బలం. దాని పరిధి కూడా చమత్కారంతోనే ముగుస్తుంది.

సమస్య అసలు రూపంలో ముందుకు వచ్చింది 1964లో, న్యూయార్కు స్టేబుల్ గ్యాలరీలో. ఆండీ వార్హోల్ అక్కడ ‘బ్రిల్లో’ పెట్టెలను ప్రదర్శించాడు. బ్రిల్లో అంటే గిన్నెలు తోముకునే సబ్బుపీచు. అది దుకాణాలకు వచ్చే అట్టపెట్టెల ఆకారంలోనే ప్లైవుడ్ పెట్టెలు చేయించి, అవే ఎరుపు, నీలం అక్షరాలను సిల్క్‌స్క్రీన్ పద్ధతిలో అచ్చువేసి, గోదాములో పేర్చినట్లు పేర్చాడు. ఆ ప్రదర్శన చూసిన తత్త్వవేత్త ఆర్థర్ డాంటో అదే సంవత్సరం ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. దుకాణంలోని పెట్టెకూ గ్యాలరీలోని పెట్టెకూ కంటికి కనిపించే తేడా లేనప్పుడు, రెండోదాన్ని కళగా నిలిపేది కళాచరిత్ర జ్ఞానంతో, సిద్ధాంతంతో ఏర్పడిన ఒక వాతావరణమని అతని వాదసారం.

శంకుకుడి ప్రేక్షకుణ్ణి ఈ పెట్టెల ముందు నిలబెడితే చిత్రతురగ న్యాయం సగం నిలుస్తుంది, సగం కూలుతుంది. ‘ఇది సబ్బుపీచు పెట్టె’ అన్నా, ‘కాదు’ అన్నా, ‘అవునా, కాదా’ అన్నా, ‘వంటిది’ అన్నా చాలని అనుభవమే ఇక్కడ కలుగుతుంది. నాలుగు జ్ఞానాలకూ లొంగని ప్రతీతి అన్న శంకుకుడి వర్ణన అక్షరాలా సరిపోతుంది. ఆ ప్రతీతికి కారణం మాత్రం మారిపోయింది. పటం, రంగు, రేఖ అనే గుర్తులు చిత్రాశ్వాన్ని చిత్రంగా చూపాయి. బ్రిల్లో పెట్టెకు అటువంటి గుర్తు ఏదీ లేదు. మిగిలింది చోటు ఒక్కటే. డాంటో ‘సిద్ధాంతం’ అన్నదాన్ని ప్రేక్షకుడు మొదట అనుభవించేది చోటుగానే. గడప దాటి లోపలికి వచ్చానన్న ఎరుకే అతడి చూపును మారుస్తుంది. ఈ కథలో మరో మెలిక ఉంది. దుకాణంలోని అసలు అట్టపెట్టెకు రూపకల్పన చేసిన జేమ్స్ హార్వే స్వయంగా నైరూప్య చిత్రకారుడు. అతని కాన్వాసులు ఒక చోట, అతని అట్టపెట్టె మరో చోట ఉన్నాయి. కళాచరిత్రలో నిలిచింది అతడు కళగా భావించని పనికి మరొకరు చేసిన ప్రతిరూపం.

1962 నాటి సూప్ డబ్బాల చిత్రాలనూ ఈ దృష్టితోనే చదవాలి. కాంప్‌బెల్ కంపెనీ అప్పట్లో అమ్మిన రకాలకు ఒక్కొక్కటి చొప్పున 32 చిత్రాలు. ప్రతిదీ 20 అంగుళాల ఎత్తు, 16 అంగుళాల వెడల్పు. లాస్ ఏంజెలెస్‌లోని ఫెరస్ గ్యాలరీలో వాటిని దుకాణంలో అర మీద పెట్టినట్లు వరుసగా పేర్చారు. పక్కనున్న మరో గ్యాలరీవారు నిజం డబ్బాలను కిటికీలో పెట్టి, తమ దగ్గర ఇంకా చవక అని ఎగతాళి చేశారు. ఎగతాళి చేసినవారికి విషయం కొంత అర్థమైందనే చెప్పాలి, వారూ చోటుతోనే ఆడుకున్నారు. ఈ చిత్రాల్లో అధికభాగం చేతితో వేసినవని చాలామందికి తెలియదు. యంత్రంలా వేయడానికి చేయి పడిన శ్రమ దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది. పునరుక్తిని ఆలంకారికులు దోషంగా లెక్కించారు, అర్థభేదం ఉన్నచోట మాత్రం అంగీకరించారు. ఇక్కడ డబ్బా మీది రకం పేరు తప్ప భేదం లేదు. చూపు ఆ చిన్న భేదం కోసం వెతకడం, దొరికాక దాని అల్పత్వం తెలియడం, ఆ పైన కలిగే విసుగు అన్నీ చిత్రార్థంలో చేరతాయి.

విసుగు దగ్గరే ఆగితే వార్హోల్ గొప్పవాడు కాడు. 1962 ఆగస్టులో మెరిలిన్ మన్రో మరణించాక అతడు చేసిన ‘మెరిలిన్ డిప్టిక్’ పాప్ ఆర్ట్‌కు రసస్పర్శ లేదనేవారికి సమాధానం. ‘నయాగరా’ సినిమా ప్రచారం కోసం తీసిన ఒక ఫొటో అందులో 50 సార్లు వస్తుంది. ఎడమ భాగంలోని 25 ముఖాలు గాఢమైన రంగుల్లో ఉన్నాయి. కుడి భాగంలోని 25 నలుపు తెలుపులు. ఈ కుడివైపు ముఖాల్లో కొన్నిచోట్ల సిరా ముద్దకట్టి ముఖాన్ని కప్పేసింది, అంచుకు వెళ్ళేకొద్దీ పలచబడి ముఖం మాసిపోయింది. శోకాన్ని సూచించే అనుభావం ఏదీ ఆ ముఖంలో లేదు. 50 సార్లూ అదే నవ్వు. కరుణానికి చెప్పిన లక్షణాల్లో వైవర్ణ్యం ఒకటి, అంటే ముఖం రంగు కోల్పోవడం. అది ఇక్కడ పాత్రకు కలగలేదు, అచ్చుకు కలిగింది. నవ్వుతున్న బొమ్మకు సిరా ఎండిపోవడం వల్ల వైవర్ణ్యం వచ్చింది. సాత్త్వికభావం పాత్ర శరీరం నుంచి మాధ్యమం శరీరానికి మారడం రసచర్చకు కొత్త విషయం. పాప్ ఆర్ట్‌ను నిర్లిప్త కళ అనే వర్గీకరణ ఈ చిత్రం దగ్గర నిలవదు.

రాయ్ లిక్టన్‌స్టైన్ విషయంలో ఇంత చెప్పడానికి లేదు. 1963 నాటి ‘వామ్!’ యుద్ధకథల కామిక్ పుస్తకంలోని ఒక గడిని గోడంత పెంచిన చిత్రం. అచ్చు చుక్కలను చేతితో అనుకరించడంలో నైపుణ్యం ఉంది. అయితే మూలచిత్రం గీసిన ఇర్వ్ నోవిక్ పేరు చూసేవారికి తెలియకపోవడం మీద దాని ప్రతిష్ఠ కొంత ఆధారపడి ఉందన్న అసౌకర్యం ఆస్వాదనను వదలదు.

అక్షరమే బొమ్మ

గ్రాఫిటీని చిత్రకళ కింద చర్చించేవారు మరచిపోయే సంగతి ఒకటి ఉంది. అది మొదట రాత, తరువాతే గీత. దాన్ని చేసేవారు తమను చిత్రకారులని పిలుచుకోలేదు, ‘రైటర్లు’ అనుకున్నారు. 1971 జులైలో న్యూయార్క్ టైమ్స్ ‘టాకీ 183’ అనే సంతకాన్ని గురించి వార్త ప్రచురించింది. ఒక గ్రీకు అమెరికన్ యువకుడి ముద్దుపేరు, అతడు నివసించే వీధి సంఖ్య కలిసిన రాత అది. ఉత్తరాలు, పొట్లాలు చేరవేసే ఉద్యోగంలో నగరమంతా తిరుగుతూ, తిరిగినచోటల్లా దాన్ని రాశాడు. వార్త వచ్చాక ఆ పద్ధతి మరింత వ్యాపించింది. తరువాతి పదేళ్ళలో సంతకం భూగర్భ రైలుపెట్టె నిడివికి పెరిగింది. అక్షరాలు ఒకదానిలో ఒకటి పెనవేసుకుని, బాణాలు మొలిపించుకుని, బయటివాడు చదవలేని ‘వైల్డ్‌స్టైల్’గా మారాయి.

ఈ దశకు తెలుగు పరిశోధకుల చేతిలో సిద్ధంగా ఉన్న పోలిక చిత్రకవిత్వం. నాగబంధం, చక్రబంధం వంటి రచనల్లో అక్షరం ధ్వనిగా, అర్థంగా ఉంటూనే స్థలంలో ఒక ఆకృతిగా కూర్చుంటుంది. గణపవరపు వేంకటకవి ప్రబంధరాజ వేంకటేశ్వర విజయవిలాసం చదివినవారికి, చదవడం కన్నా విప్పడం ముఖ్యమైన రచన ఎలా ఉంటుందో తెలుసు. ఆనందవర్ధనుడు చిత్రాన్ని కావ్యానుకరణ మాత్రమే అన్నాడు. మమ్మటుడు దానికి అధమస్థానం ఇచ్చాడు. వ్యంగ్యం స్ఫుటంగా లేకపోవడం దానికి కారణం. వైల్డ్‌స్టైల్ రాతలోనూ వాచ్యార్థం ఒక పేరే, మరేమీ లేదు. అక్కడితో పోలిక ఆగిపోతే అదీ అధమమే అవుతుంది. బంధకవి రచన తాళపత్రం మీద, తన కోసం ఎదురుచూసే పండితుడి ముందు ఉంటుంది. వైల్డ్‌స్టైల్ పేరు కొన్ని క్షణాల్లో దాటిపోయే రైలు మీద, తనను కోరని లక్షలమంది ముందు ఉంటుంది. పేరుకు వాచ్యార్థం పేరే అయినా, ఆ చోట దానికి వ్యంగ్యార్థం పుడుతుంది. ఈ నగరంలో ప్రకటనకు డబ్బు చెల్లించగల పేర్లే పెద్ద అక్షరాల్లో కనిపించాలన్న నియమాన్ని అది ప్రశ్నిస్తుంది. రాతలో లేని ధ్వనిని రైలు ఇచ్చింది. రవాణా సంస్థ 1989లో రాతలున్న చివరి రైలును తప్పించినప్పుడు, అదే అక్షరశైలి కాన్వాసుల మీద కొనసాగింది. శైలి చెడకపోయినా ధ్వని చాలావరకు పోయింది.

ఔచిత్యం, దాని తలకిందులు

క్షేమేంద్రుడు ఔచిత్యవిచారచర్చలో పదం మొదలు ఆశీర్వాదం దాకా ఔచిత్యానికి 27 స్థానాలు లెక్కించాడు. వాటిలో దేశం, కాలం కూడా ఉన్నాయి. అతడి దేశౌచిత్యం కావ్యంలో వర్ణించిన దేశానికి సంబంధించింది. కావ్యం ఉన్న దేశానికి సంబంధించింది కాదు. కావాల్సిన సవరణ ఇక్కడే. గ్రాఫిటీలో దేశం వర్ణ్యం కాదు, ఆధారం. రెండో సవరణ ఇంకా ముఖ్యమైనది. మొలనూలు మెడలో వేసుకుంటే, హారం నడుముకు చుట్టుకుంటే నవ్వులపాలవుతారని క్షేమేంద్రుడి దృష్టాంతం. గ్రాఫిటీ సరిగ్గా ఆ పనే కావాలని చేస్తుంది. తనది కాని చోట నిలవడమే దాని అర్థానికి మూలం. అనౌచిత్యం రసభంగకారణమన్న సూత్రం ఇక్కడ తిరగబడి, అనౌచిత్యం పోతే రసం పోయే స్థితి వస్తుంది. అయితే ప్రతి అనౌచిత్యమూ అర్థవంతం కాదు. ఒకరి ఇంటి గోడ మీద తోచినట్లు పేరు గిలకడం అల్లరే. ఏ అనౌచిత్యం ఆ చోటును గురించి ఏదైనా తెలియజేస్తుందో నిర్ణయించడమే విమర్శకుడి పని.

కీత్ హేరింగ్ ఈ నిర్ణయానికి స్పష్టమైన ఉదాహరణ. 1980–85 మధ్య న్యూయార్కు భూగర్భ రైల్వే స్టేషన్లలో, అద్దె ముగిసిన ప్రకటనల చట్రాలను నల్లకాగితంతో కప్పి ఉంచేవారు. హేరింగ్ ఆ నల్లకాగితాల మీద తెల్ల సుద్దతో గీశాడు. పాకే పసిపాప, మొరిగే కుక్క, చేతులెత్తి ఆడే మనుషులు అతని బొమ్మలు. ఒక ప్రకటన పోయి మరో ప్రకటన వచ్చేలోగా ఉన్న ఖాళీ అతని చోటు. సుద్ద గనుక తుడిస్తే పోతుంది, కొత్త ప్రకటన అంటిస్తే కప్పబడుతుంది. ప్రకటన కోసం అలవాటుపడిన చూపుకు ఏమీ అమ్మని బొమ్మ ఎదురవుతుంది. జనం ఆ కాగితాలను చించుకుపోయి అమ్మడం మొదలుపెట్టాక అతడు ఆ పని మానేశాడు. ఏమీ అమ్మని బొమ్మే సరుకైనప్పుడు ఆ చోటుకు దానితో పని లేకపోయింది.

బెర్లిన్ గోడ మరో విధమైన సాక్ష్యం. 1984 నుంచి తియెరీ న్వార్ పడమటి ముఖం మీద పెద్దపెద్ద తలలు వేశాడు. గోడ తూర్పు జర్మనీ భూభాగంలోనే కొంత లోపలికి కట్టి ఉండడం వల్ల, దాన్ని తాకుతూ నిలబడడమే సరిహద్దు దాటడం. అందుకే అవి త్వరత్వరగా, కొద్ది రంగులతో వేసిన బొమ్మలు. ఆ శైలిని నిర్ణయించింది కాపలా సైనికుల భయం. గోడ కూలాక 1990లో, మిగిలిన 1.3 కిలోమీటర్ల భాగం తూర్పు ముఖం మీద అనేక దేశాల చిత్రకారులు అనుమతితో బొమ్మలు వేశారు. అదే ఈస్ట్ సైడ్ గ్యాలరీ. వాటిలో మంచి చిత్రాలు ఉన్నాయి, కానీ అవి స్మారకాలు. ఒకే గోడ, ఒకే మాధ్యమం, ఆరేళ్ళ తేడా. కాలౌచిత్యాన్ని లెక్కించకుండా ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం అవగాహన లేని పని.

గోడను చదవడం తెలుగు ఊళ్ళకు కొత్త విద్య కాదు. మూత్రవిసర్జనను ఆపడానికి ప్రహరీ గోడకు వరుసగా పొదిగే సర్వమత దేవుళ్ళ పలకలను ఎవరూ చిత్రకళగా చూడరు, కానీ ఎందుకున్నాయో దారిన పోయే ప్రతివాడికీ తెలుసు. బొమ్మ అర్థాన్ని చోటు నుంచి గ్రహించే ఆ చదువరికి గ్రాఫిటీ సిద్ధాంతం బోధించనవసరం లేదు.

గోడ నుంచి గ్యాలరీకి

చోటు మారితే అర్థం పోతుందన్నది పూర్తి నిజం కాదు. జాన్ మిషెల్ బాస్కియా 1978 ప్రాంతంలో ఆల్ డియాజ్‌తో కలిసి ‘సేమో’ పేరుతో మన్‌హటన్ గోడల మీద వాక్యాలు రాసి, తరువాత కాన్వాసుకు వచ్చాడు. అతడు గోడను కాన్వాసు మీద బొమ్మగా వేయలేదు, గోడ ముందు అలవడిన చదువును తెచ్చాడు. కొట్టివేసిన మాటలు, తెగిన జాబితాలు, మూడు మొనల కిరీటం కనిపిస్తాయి. మాటను కొట్టివేస్తే కన్ను దాని దగ్గరే ఆగుతుందని అతనికి తెలుసు. కాన్వాసుకు ఉచితమైన రూపంలో గోడ సంస్కారం వచ్చింది గనుక అతని చిత్రాలు నిలిచాయి.

బ్యాంక్సీ విషయంలో ఈ వివేచన ఇంకా అవసరం. 2018 అక్టోబరులో లండన్ సదబీస్ వేలంలో అతని ‘గర్ల్ విత్ బెలూన్’ చిత్రం, సుత్తి దెబ్బ పడగానే చట్రంలో దాచిన యంత్రంలోకి జారి సగం ముక్కలైంది. పది లక్షల పౌండ్లకు పైగా పలికిన ఆ చిత్రం, చిరిగి పేరు మార్చుకున్నాక 2021లో కోటి 85 లక్షల పౌండ్లు దాటింది. దీన్ని వీధికళ కళావ్యాపారం మీద చేసిన తిరుగుబాటుగా మెచ్చుకున్నవారు చాలామంది. చోటును బట్టి చూస్తే అది వీధికళ కాదు. వేలంశాల కోసం, వేలంశాలలోనే పూర్తయిన పని గనుక వార్హోల్ పెట్టెల వంశానికి చెందుతుంది. ఆ వంశంలో అది చురుకైనదే, గొప్పది మాత్రం కాదు. దానికన్నా లోతైన చర్య 2016 మార్చిలో ఇటలీలోని బొలోన్యాలో జరిగింది. గోడల నుంచి పెళ్ళగించిన వీధిచిత్రాలతో అక్కడ ఒక మ్యూజియం ప్రదర్శన తలపెట్టగా, బ్లూ అనే చిత్రకారుడు ఆ నగరంలో తాను ఇరవై ఏళ్ళుగా వేసిన కుడ్యచిత్రాలన్నిటినీ బూడిదరంగు పూసి చెరిపేశాడు. బొమ్మకు చోటు ప్రాణమన్న సిద్ధాంతాన్ని తన బొమ్మలతోనే మూల్యం చెల్లించి నిరూపించాడు.

అనుమతితో వేసే కుడ్యచిత్రాలను ఈ చర్చలో ఎక్కడ ఉంచాలన్నది మిగిలిన ప్రశ్న. 2016లో స్టార్ట్ ఇండియా సంస్థ ఆధ్వర్యంలో హైదరాబాదు ఎం.ఎస్. మక్తా బస్తీ గోడల మీద వేసినవి ఇటువంటివే. వాటిని గ్రాఫిటీ అనడం పేరు తప్పు, కానీ ఆ కారణంగా వాటిని తక్కువ చేయనవసరం లేదు. వాటికి వర్తించేది క్షేమేంద్రుడి అసలు సూత్రం, తలకిందులైనది కాదు. బొమ్మ ఆ బస్తీకి తగినదా, ఆ గోడ వెనుక కాపురముంటున్నవారికి అందులో వాటా ఉందా అని అడగాలి.

న్యాయస్థానంలో సహృదయుడు

ఇదంతా పండితచర్చగా మిగలని సందర్భం ఒకటి ఇటీవల వచ్చింది. న్యూయార్కు క్వీన్స్ ప్రాంతంలోని ‘ఫైవ్ పాయింట్జ్’ అనే పాత కర్మాగారం గోడలు యజమాని అనుమతితో ఏళ్ళ తరబడి వీధిచిత్రాలకు నెలవయ్యాయి. 2013 నవంబరులో ఒక రాత్రి యజమాని వాటికి తెల్లరంగు వేయించాడు. 1990 నాటి అమెరికన్ చట్టం ‘గుర్తింపు పొందిన స్థాయి’ కలిగిన కళాకృతులను ధ్వంసం నుంచి రక్షిస్తుంది. అందువల్ల గోడ మీది బొమ్మలకు ఆ స్థాయి ఉందా అన్నది న్యాయమూర్తి తేల్చవలసి వచ్చింది. 2018 ఫిబ్రవరిలో 49 చిత్రాలను పరిశీలించి 45 చిత్రాలకు ఆ స్థాయి ఉందని తీర్పు చెప్పి, 21 మంది చిత్రకారులకు 67.5 లక్షల డాలర్ల పరిహారం విధించాడు. తాత్కాలికంగా ఉండే చిత్రమైనా రక్షణకు అర్హమేనని 2020లో పై న్యాయస్థానం సమర్థించింది.

తీర్పు కళాకారులకు అనుకూలంగా వచ్చిందన్న సంతోషంలో దాని పద్ధతిని చూడకుండా వదలరాదు. స్థాయికి సాక్ష్యంగా నిలిచినవి నిపుణుల అభిప్రాయాలు, చిత్రకారుల వృత్తి చరిత్రలు, ఏ గోడ ఎవరికి ఇవ్వాలో ఎంచిన నిర్వాహకుడి అభిరుచి. కావ్యాభ్యాసంతో మనోముకురం నిర్మలమైనవాడు సహృదయుడన్న అభినవగుప్తుడి లక్షణానికి ఇవి దూరం కావు. అయితే అనుమతి లేని గోడ మీద, నిర్వాహకుడు లేకుండా, మారుపేరుతో రాసినవాడి కోసం సాక్ష్యం చెప్పే సహృదయుడు ఎవరు? ఆ రాత అర్థం దాని అనౌచిత్యంలోనే ఉందని అంగీకరించిన మరుక్షణం, చట్టం దానికి రక్షణ ఇవ్వలేదు. గ్రాఫిటీలో అతి ముఖ్యమైన భాగం చట్టం కళ్ళకు ఎప్పటికీ కళ కాబోదు. ఆ భాగాన్ని చూడవలసిన బాధ్యత విమర్శ మీదనే పడుతుంది, చూడవలసినది కూడా చాలావరకు ఫొటోల్లోనే మిగిలింది. ఫైవ్ పాయింట్జ్ చిత్రాలనూ న్యాయస్థానం ఫొటోలుగానే పరిశీలించింది. అప్పటికి ఆ భవనం కూడా లేదు.

ఫొటోలు కూడా రెండు రకాలు. 1984లో వచ్చిన ‘సబ్‌వే ఆర్ట్’ గ్రంథంలో మార్తా కూపర్, హెన్రీ చాల్ఫంట్ ఇద్దరి చిత్రాలూ ఉన్నాయి. చాల్ఫంట్ ప్లాట్‌ఫారం మీద నిలబడి పెట్టెను ముక్కలుముక్కలుగా తీసి, అతికి, మొత్తం రాతను ఒక పటంలా చూపాడు. అక్షరశైలిని అధ్యయనం చేసేవారికి అంతకన్నా మంచి ఆధారం లేదు. కూపర్ ఫొటోల్లో రాత చిన్నది, కొన్నిచోట్ల సరిగా చదవనే రాదు. రైలు ఎత్తైన పట్టాల మీద పోతూ ఉంటుంది, దాని కింద బ్రాంక్స్ వీధులు, వెనుక పాడుబడిన ఇళ్ళు కనిపిస్తాయి.